1890ల నాటి విక్టోరియన్ ఇంటికి పాత తలుపులు, ఫైర్‌ప్లేస్‌లు కొని అమర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెడింగ్ కొత్త కాపురం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ఇటీవల ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో ఒక టెరేస్ ఇల్లు, అంటే పక్క గోడలు కలిసి వరుసగా కట్టిన ఇళ్ళలో ఒకటి, కొన్నాము. దస్తావేజులను బట్టి అది 1890లలో, అంటే విక్టోరియా రాణి కాలంలో కట్టినది. వీధిలో నిలబడి చూస్తే ఎర్ర ఇటుకల నడుమ బూడిద రంగు ఇటుకలు వరుసలు తీర్చిన గోడ, ముందుకు పొడుచుకొచ్చిన బే కిటికీ, గుమ్మం మీద చెక్కడపు రాయి ఇప్పటికీ ముచ్చటగా ఉన్నాయి. లోపల అడుగు పెడితే మాత్రం ఆ కాలపు ఆనవాలు దాదాపు లేదనే చెప్పాలి. పూర్వపు యజమానులెవరో ముందు గదిలోనూ పై పడక గదుల్లోనూ ఫైర్‌ప్లేస్‌లు పీకించి ఆ ఖాళీలకు బోర్డులు కొట్టించారు. తలుపులన్నీ చదునుగా, ఏ అలంకారమూ లేకుండా ఉన్నాయి. వీధి గుమ్మం నుంచి మెట్ల దాకా ఉన్న నడవలో కార్పెట్, దాని కింద వినైల్ పరిచి ఉన్నాయి. కిటికీలు యూపీవీసీ అనే ప్లాస్టిక్‌వి. ముందు గది సీలింగ్ అంచున ఒక మూల మాత్రం పాత కార్నిస్, అంటే అలంకారపు ప్లాస్టర్ పట్టీ, కొంత మిగిలింది, అది కూడా పెయింట్ పొరలతో పూడిపోయి మొద్దుగా కనిపిస్తోంది.

కూలగొట్టిన ఇళ్ళ నుంచి తెచ్చిన సామాను అమ్మే యార్డు ఒకటి దగ్గరలోనే ఉందని తెలిసి వెళ్ళి చూశాము. పైభాగం విల్లులా వంపు తిరిగిన తెల్ల చలవరాతి ఫైర్‌ప్లేస్ చట్రం ఒకటి, రంగుటద్దాల వీధి తలుపు ఒకటి నాకు ఎంతో నచ్చి అప్పటికప్పుడే కొనేద్దామనుకున్నాను కాని, మా వారు వద్దని ఆపారు. విజయవాడలో ఉన్న మా అత్తగారేమో ఫోనులో ఈ సంగతి విని, ఇల్లు కొనుక్కున్నాక కొత్త సామాను తెచ్చుకోవాలి గాని ఊళ్ళో వాళ్ళు పారేసినవి మోసుకురావడమేమిటని నవ్వారు.

ఇంటికి దాని పాత రూపం తిరిగి తేవాలన్నది మా కోరిక. మా ఇంట్లో మొదట ఏమేమి ఉండేవో తెలుసుకునే దారి ఏమిటి, యార్డులో వేటిని నమ్మి కొనవచ్చు, వేటిని కొనకూడదు, ఏ పని ముందు చేయాలి అన్న విషయాలు అనుభవమున్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

లెస్టర్ వడ్రంగి:

కొత్త కాపురం గారూ, మీ వారు ఆపడం మంచిదయింది. చలవరాతి చట్రం అందమైనదే కావచ్చు గాని, మీరు చెప్పిన వంపు ఆకారం సాధారణంగా 1850ల నుంచి 70ల దాకా, అదీ కాస్త కలవారి ఇళ్ళలో కనిపించేది. 1890లలో గుమాస్తాలూ చేతిపనివారూ అద్దెకుండేందుకు కట్టిన టెరేస్ ఇళ్ళలో ముందు గదికి ఎక్కువగా చెక్కతోనో పలకరాయితోనో చేసిన చట్రం, దాని లోపల చదరపు నోరున్న పోత ఇనుప భాగం, అందులో రెండు వైపులా నిలువుగా పేర్చిన రంగు టైల్స్ ఉండేవి. పలకరాతికి చలవరాయిలా కనిపించేట్టు రంగు వేయడం కూడా ఆ రోజుల్లో మామూలే. పై గదుల్లో చట్రం, పొయ్యి కలిపి ఒకే పోతగా చేసిన చిన్న ఇనుప ఫైర్‌ప్లేస్‌లు పెట్టేవారు. విక్టోరియన్ ఇంట్లో అతిథులు చూసే గదికి ఒక మర్యాద, ఇంటివారు మాత్రమే మసలే గదికి మరొక మర్యాద, వంటింటి వెనుక పాత్రలు కడిగే గదికి ఇంకొకటి ఉండేవి. ఆ అంతస్తులు పట్టించుకోకుండా దొరికినవాటిలో ఖరీదైనదల్లా తెచ్చి పెడితే గది అరువు నగలు పెట్టుకున్నట్టు ఉంటుంది.

అందుచేత యార్డుకు వెళ్ళే ముందు ఇంటినే చదవాలి. పొయ్యి ఉన్న గోడ మీద వాల్‌పేపరు, బోర్డు జాగ్రత్తగా తీసి, టార్చిలైటును గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేట్టు చూడండి. పాత చట్రం ఉన్నంత మేర ప్లాస్టర్ రంగు వేరుగా ఉంటుంది, అంచున చిన్న మిట్ట కనబడుతుంది. ఆ గీతే మీ చట్రం వెడల్పు, ఎత్తు. కార్పెట్ ఎత్తితే పొయ్యి ముందు నేలలో రాతి పలకో కాంక్రీటో ఉండి, చెక్కలు దాని చుట్టూ కోసి ఉంటాయి. దాని పొడవు చట్రం కొలతను మరోసారి రుజువు చేస్తుంది. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ చెక్కలో తరువాత కాలంలో అతికిన ముక్క ఎక్కడ మొదలయిందో చూస్తే మూడో ఆధారం దొరుకుతుంది. ఈ మూడూ కుదిరిన కొలతలు కాగితం మీద రాసుకుని, టేపు జేబులో వేసుకుని అప్పుడు యార్డుకు వెళ్ళాలి. మీ వీధిలో ఇళ్ళన్నీ ఒకే మేస్త్రీ కట్టించినవై ఉంటే, పక్కింటివారి పడక గదిలో అసలు ఫైర్‌ప్లేస్ మిగిలి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఒక టీ తాగే నెపంతో వెళ్ళి చూసి, అనుమతి అడిగి ఫోటో తీసుకోండి.

పోత ఇనుప సామాను విషయంలో వెనుక వైపు తప్పక చూడండి. 1842 నుంచి 1883 దాకా నమోదైన డిజైన్లకు వజ్రం ఆకారపు ముద్ర ఉంటుంది. పైన ఉండే రోమన్ అంకె వస్తువు జాతిని చెబుతుంది, లోహపు సామానుకు అది ఒకటో అంకె. 1884 నుంచి ఆ ముద్ర పోయి, ఒకటి నుంచి మొదలైన వరుస సంఖ్యలు వచ్చాయి. ఈ గుర్తులు డిజైను నమోదైన కాలాన్ని చెబుతాయే తప్ప ఆ వస్తువును పోతపోసిన సంవత్సరాన్ని చెప్పవు, కాబట్టి వజ్రపు ముద్ర ఉన్నది 1890ల ఇంట్లో ఉండకూడదని లేదు. ముద్ర లేకపోతే అది నకిలీ అని కూడా కాదు. అయితే పాత పోతలో పువ్వుల అంచులు పదునుగా ఉంటాయి. పాత వస్తువునే అచ్చుగా పెట్టి మళ్ళీ పోసినదానిలో ఆ అంచులు మొద్దుబారి, రేకుల మధ్య వివరాలు కరిగినట్టు ఉంటాయి. చిన్న సుత్తితో మెల్లగా తట్టితే ఒకే నిండు మోత రావాలి. బొంగురుగా మోగితే ఎక్కడో పగులుంది.

తలుపుల సంగతి వేరే. ఆ కాలపు గది తలుపులు ఎక్కువగా పైన రెండు పొడుగు పలకలు, కింద రెండు పొట్టి పలకలు గల పైన్ తలుపులు. 6 అడుగుల 6 అంగుళాల ఎత్తు, 2 అడుగుల 6 అంగుళాల వెడల్పు తరచుగా దొరికే కొలత. అయినా మీ గుమ్మాలను పైన, మధ్యన, కింద మూడు చోట్లా కొలవండి, మూలమూలకూ కూడా కొలవండి, ఎందుకంటే వందేళ్ళు దాటిన గుమ్మం చదరంగా ఉండదు. కాస్త పెద్ద తలుపు కొని రెండు అంచులా సమానంగా చిత్రిక పట్టవచ్చు కాని ఎక్కువ కోయకూడదు. అడ్డ పట్టీల కొనలు నిలువు పట్టీలలోకి దూరి బిగిసి ఉంటాయి గనుక, లోతుగా కోస్తే ఆ పట్టు వదిలి తలుపు కొన్నాళ్ళకే వాలిపోతుంది.

ఇంకొక మాట. కొత్త తలుపులు కొనే ముందు ఉన్న చదును తలుపులను పక్క అంచు నుంచి పరీక్షించండి. 1950ల చివర, 60ల మొదట్లో పలకల తలుపులు దుమ్ము పట్టే పాతకాలపు వస్తువులని అనుకుని, వాటి మీద హార్డ్‌బోర్డ్ కొట్టి చదును చేయడం ఈ దేశమంతా సాగింది. బీబీసీలో బారీ బక్‌నెల్ నడిపిన ఇంటిపనుల కార్యక్రమాలు కూడా ఆ అలవాటుకు ఊతమిచ్చాయి. అంచున కలపకు అటూ ఇటూ పలుచటి గోధుమ రంగు పొర కనిపించి, తట్టినప్పుడు కొన్ని చోట్ల గట్టిగానూ కొన్ని చోట్ల డొల్లగానూ మోగితే మీ అసలు తలుపులు లోపలే ఉన్నట్టు.

సున్నపు గోడ:

పై జవాబులోని కొలతల సలహా అక్షరాలా పాటించదగినది. పాత సామాను కొనడాన్ని గురించి మాత్రం నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. పాత కట్టడాల మరమ్మతులు వృత్తిగా చేసే ఆఫీసులో పనిచేస్తున్నందున ఆ వైపు కూడా చెప్పాలనిపించింది.

విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు స్థాపించిన సంఘం, అంటే ఎస్పీఏబీ, మొదటి నుంచీ పునరుద్ధరణ పేరుతో ఊహించి కట్టడాన్ని వ్యతిరేకిస్తూ, ఉన్నదాన్ని మరమ్మతు చేసుకోమని చెబుతూ వచ్చింది. ఒక కట్టడం నుంచి ఊడదీసిన వస్తువులకు గిరాకీ పెరిగితే మరిన్ని కట్టడాలను ఊడదీయడానికి అది ప్రోత్సాహమవుతుందనీ, అవే వస్తువులను కొత్తగా చేయించుకుంటే వాటిని తయారుచేసే పనివారు నిలబడతారనీ ఆ సంఘం వాదన. ఇది మనకు అర్థం కాని మాట కాదు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు విప్పి, టేకు స్తంభాలను, చెక్కడపు ద్వారబంధాలను లారీలకెక్కించి నగరాల్లో హోటళ్ళకూ ఫామ్‌హౌస్‌లకూ అమ్మడం మనం చూస్తున్నదే. కొన్నవారు పాత కలపను కాపాడామనే అనుకుంటారు గాని, ఆ ధర పలకకపోతే నిలబడి ఉండే ఇళ్ళు కూడా కొన్ని ఉంటాయి. ఇంగ్లండులో ఖాళీగా ఉన్న ఇళ్ళ నుంచి ఫైర్‌ప్లేస్‌లు దొంగిలించడం కూడా ఉన్నదే. కాబట్టి వస్తువు ఏ ఇంటి నుంచి వచ్చిందో అడగండి, ఆ వివరం రసీదు మీద రాయించుకోండి. అనుమానం కలిగిన వస్తువును కొనబోమని ఒప్పుకుని, పాత కట్టడపు సామాను వ్యాపారుల కోసం ఉన్న సాల్వో నియమావళిలో చేరిన వ్యాపారులు ఉన్నారు, ముందు వారి దగ్గర వెతకండి.

అన్నీ యార్డులో దొరికేవీ కావు. ఉదాహరణకు సాష్ కిటికీ, అంటే రెండు రెక్కలు పైకీ కిందికీ జరిగే కిటికీ తీసుకోండి. ప్రతి కిటికీ ఖాళీకి కొలత వేరు, పైగా రెక్కలు గోడలో దాగిన పెట్టెలలో వేలాడే ఇనుప గుండ్ల బరువుతో తూగుతాయి. పై రెక్కకు గుండ్లు రెక్క కన్నా కొంచెం బరువుగా ఉండాలి, అప్పుడే అది పైన నిలుస్తుంది. కింది రెక్కకు కొంచెం తేలికగా ఉండాలి, అప్పుడే అది కింద కూర్చుంటుంది. వేరే ఇంటి కిటికీ తెచ్చి నప్పించడం కన్నా మీ ఖాళీకి తగ్గట్టు చెక్కతో కొత్తది చేయించి, ఇత్తడి కప్పీలూ గడియలూ మాత్రం పాతవి వెతికి వేయించడం తెలివైన పని. పై రెక్క నిలువు పట్టీలకు, అడ్డ పట్టీని దాటి కిందికి దిగే కొమ్ముల వంటి కొనలు కూడా చేయించండి. అద్దాల పన్ను 1845లోనూ కిటికీల పన్ను 1851లోనూ రద్దయ్యాక పెద్ద అద్దాలు చౌకై, ఆ బరువు మోయడానికి కొమ్ముల అవసరం వచ్చింది గనుక 1890ల ఇంటికి అవే సరైనవి.

కార్నిస్‌ను ఊడదీసి తేవడం దాదాపు అసాధ్యం, విరిగిపోతుంది. మీ ఇంట్లో ఒక మూల మిగలడం మీ అదృష్టం. పెయింట్ పొరలు ఓపికగా తీయించి, ఆ అసలు గీతను రేకు మీద కోయించి అచ్చుగా వాడితే, మిగతా గోడల పొడవునా అదే ఆకారం తీయగల ప్లాస్టర్ పనివారు ఇప్పటికీ ఉన్నారు. దీపం వేలాడే చోటి గుండ్రని సీలింగ్ రోజ్ మాత్రం పోతపోసిన కొత్తది పెట్టినా తప్పు లేదు. గోనె గుడ్డ లోపల వేసి ప్లాస్టర్ పోతలు తయారుచేసే పద్ధతికి 1856లోనే పేటెంట్ ఇచ్చారు, అంటే మీ ఇల్లు కట్టేనాటికే అవి దుకాణంలో కొని అతికించే వస్తువులు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మీ ఇల్లు లిస్టెడ్ అయితే, అంటే రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే, లోపలి పనికి కూడా సమ్మతి కావాలి, 1990 చట్టం ప్రకారం అది లేకుండా చేయడం నేరం. మామూలు టెరేస్ ఇల్లు లిస్టెడ్ కాకపోవచ్చు గాని, వీధివైపు మార్పుల మీద కౌన్సిల్ ప్రత్యేక ఆంక్షలు పెట్టి ఉండవచ్చు. ఒక ఈమెయిల్‌తో తేలిపోయే విషయం కనుక కిటికీల వడ్రంగికి బయానా ఇచ్చే ముందే అడగండి.

కార్డిఫ్ నడవ:

మీ నడవలో వినైల్ ఉందని రాశారు గనుక ఒక హెచ్చరిక. దాన్ని చూసిన ఉత్సాహంలో మీరే పీకకండి. కొన్ని పాత వినైల్ టైల్స్‌లోనూ వాటిని అతికించిన నల్లటి జిగురులోనూ, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. ఈ దేశంలో దాని వాడకం పూర్తిగా ఆగింది 1999లో మాత్రమే. ముక్క పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక మిగతా పని చేయించండి. పొయ్యి ఖాళీలకు కొట్టిన బోర్డుకూ తలుపుల మీది బోర్డుకూ ఇదే మాట వర్తిస్తుంది, అవి హార్డ్‌బోర్డ్ కాక తెల్లటి, బూడిద రంగు పలకలైతే ముట్టుకోవద్దు.

కింద పాత టైల్స్ ఉంటే మీ పంట పండినట్టే. రంగులను చూడండి. ఎరుపు, లేత పసుపు మట్టి సహజంగా ఇచ్చే రంగులు, నలుపుతో పాటు ఇవి చవక. తెలుపు, నీలం, ఆకుపచ్చ వంటివి ప్రత్యేకంగా కలపాల్సినవి, ఖరీదు. అందుకే సామాన్యుల నడవల్లో మొదటి మూడే ఎక్కువగా ఉండి, అంచు పట్టీలో మాత్రం ఒకటో రెండో ఖరీదైన ముక్కలు మెరుస్తాయి. పగిలినవాటికి బదులు కావలసినవి యార్డులో దొరుకుతాయి. పాత టైలుకు మందం ఎక్కువ, సుమారు అర అంగుళం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. కాబట్టి పగిలిన ముక్కను జేబులో వేసుకెళ్ళి కొలతే కాక మందం కూడా సరిచూడండి. ఎక్కువ భాగం పోయి ఉంటే ష్రాప్‌షైర్‌లోని జాక్‌ఫీల్డ్‌లో ఆ పద్ధతిలో ఇప్పటికీ టైల్స్ చేస్తున్నారు, సున్నపు గోడ గారి వాదన ఇక్కడ నాకు నచ్చింది. శుభ్రం చేయడానికి యాసిడ్ మాత్రం ఎప్పుడూ వాడకండి.

రెడింగ్ కొత్త కాపురం:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ముందు గది గోడ మీద చట్రం ఆకారం నిజంగానే కనబడింది. ఎంత చిన్నదంటే, యార్డులోని ఆ చలవరాయి తెచ్చి ఉంటే అలమర తలుపుకు అడ్డం వచ్చేది. గోధుమ రంగు పొర చూసి, అది హార్డ్‌బోర్డేనని రూఢి చేసుకున్నాక వెనుక పడక గది తలుపుకు ఒక వైపు బోర్డు ఊడదీయించాము. నాలుగు పలకలూ లోపల ఉన్నాయి కాని, పలకల చుట్టూ ఉండే సన్నని నగిషీ పట్టీలు కొన్ని చెక్కేశారు, పెయింట్ చాలా మందంగా ఉంది. తలుపులన్నీ రసాయనపు తొట్టిలో ముంచి పెయింట్ ఊడగొట్టిస్తే చెక్క రంగు తేలుతుందని ఒకరు అన్నారు. ఆ పని చేయించవచ్చా? ఫైర్‌ప్లేస్‌లో నిజంగా నిప్పు పెట్టుకోవచ్చా?

లెస్టర్ వడ్రంగి:

తొట్టిలో ముంచవద్దు. ఆ క్షారం అతుకుల్లోని జిగురును కరిగిస్తుంది, కలపలో మిగిలిపోయి తరువాత వేసిన రంగును కూడా పాడుచేస్తుంది. అసలు ఆ పైన్ తలుపులు నగ్నంగా ఉంచడానికి చేసినవి కావు. విక్టోరియన్లు వాటికి రంగు వేసేవారు, లేదా ఓక్ చెక్కలా కనిపించేట్టు దువ్వెన గీతలతో పూత పూసేవారు. చెక్క రంగు తేలిన పైన్ తలుపు 1970ల వేడుక. కాబట్టి వదులైన పెయింట్ మాత్రం తీసి, మళ్ళీ రంగు వేయండి. ఆ పొరల్లో సీసం ఉంటుందనే లెక్కతో పని చేయాలి. పొడి కాగితంతో రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు, తడిపి రుద్ది ఆ మడ్డిని మూట కట్టించాలి. పిల్లలు ఉంటే ఆ రోజులు వారిని వేరే చోట ఉంచండి. పోయిన నగిషీ పట్టీలకు, మిగిలిన ఒక ముక్కను నమూనాగా ఇస్తే వడ్రంగి కొత్తవి తీసిస్తాడు. అటకను గదిగా మార్చే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పండి. అప్పుడు మెట్లవైపు తెరుచుకునే తలుపులు కొంతసేపు మంటకు ఆగాలని నిబంధన వస్తుంది. ఈ పలుచటి పలకలు అలాగే ఉంటే దానికి చాలవు గాని, మంటకు ఉబ్బే పూతలతో కొన్నిటిని బలపరచవచ్చు.

నిప్పు సంగతికి వస్తే, ముందు చిమ్నీ శుభ్రం చేసేవారిని పిలిచి పొగ పరీక్ష చేయించండి. పొయ్యి పెట్టే పనిని, కట్టెలు, బొగ్గు పొయ్యిలు అమర్చేవారిని నమోదు చేసే హెటాస్ సంస్థలో నమోదైన వారికి అప్పగించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టండి. 1956 నాటి క్లీన్ ఎయిర్ చట్టం తరువాత చాలా పట్టణాలు పొగ నియంత్రణ ప్రాంతాలయ్యాయి, మీ వీధి అందులో ఉంటే ఆ బహిరంగ పొయ్యిలో కట్టెలు కాల్చడం కుదరదు, పొగరాని ఇంధనమే వాడాలి. కేవలం అందానికే అయితే పైన చిమ్నీకి వాన పడని మూత పెట్టించి, కింద గాలి ఆడే సందు వదలండి. రెండు వైపులా మూసేస్తే లోపలి చెమ్మ గోడ మీదికి గోధుమ రంగు మరకలుగా వస్తుంది. పై అంతస్తులో ఇంకొక పని కూడా ఉంది. కింది గదిలో చిమ్నీ గోడను ఎవరైనా తొలగించి, పైన అలాగే వదిలారేమో చూడండి. అదే జరిగి ఉంటే పైన మిగిలిన ఇటుకల బరువుకు సరైన ఆధారం ఉండకపోవచ్చు గనుక ఫైర్‌ప్లేస్ కొనడం ఆపి ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవాలి.